సహాధ్యాయధర్మము: గోదావరీ మండలపుఁ బాఠశాలలలోఁ బౌరనీతి

నన్నయభట్టు తణుకు వాఁడని గోదావరీ పశ్చిమభాగమున నొక ప్రతీతి కలదు. ఆ ప్రతీతి బలాబలముల విచారమిచ్చట నప్రస్తుతము. నిశ్చితమైన విషయము వేఱొకటి కలదు. భారతావతారికలోఁ దనకుఁ దోడ్పడిన నారాయణభట్టును బేర్కొనుచు నన్నయ యతని పాండిత్యమునే కాక తమ యిరువురి సంబంధమును గూడఁ జెప్పినాఁడు. అతఁడు తన కిష్టుఁడనియు సహాధ్యాయుఁడనియు వ్రాసినాఁడు. క్రీ. శ. 1053 ప్రాంతపు నందంపూఁడి శాసనమున రాజరాజనరేంద్రుఁ డా నారాయణభట్టునకే యగ్రహారమిచ్చెను. ఆ శాసనమును రచించినవాఁడును నన్నయభట్టే. తెలుఁగున మనకు దక్కిన మొదటి మహాకావ్యము చదువుతోడివానికిఁ జేసిన కృతజ్ఞతాప్రకటనముతో నారంభమగుట సామాన్య విషయము కాదు.

సహాధ్యాయునకే సతీర్థ్యుఁడని మఱియొక పేరు. తీర్థమనఁగా నిచ్చట గురువు. ఒకే గురువునొద్ద వసించువాఁడు సతీర్థ్యుఁడు. ఈ శబ్దమును బాణిని తద్ధితప్రకరణమున సాధించినాఁడు. దానికి మిక్కిలి సమీపముననే సభ్యశబ్దమును గలదు. సభయందు సాధువైనవాఁడు సభ్యుఁడు. పురమునఁ బుట్టియుండువాఁడు పౌరుఁడు. ఈ మూఁడు శబ్దములను వరుసగాఁ బెట్టి చూచినచో నేఁటి పాఠశాలలలోఁ బౌరనీతి యని చెప్పఁబడుచున్న విషయమంతయు గోచరించును. పౌరుఁడగుటకుఁ బుట్టుక చాలును. సభ్యుఁడగుటకు సాధుత్వము కావలెను. పుట్టుకనుండి సాధుత్వమునకుఁ బోవు త్రోవలో నున్నది సతీర్థ్యత. వ్యాకరణము సతీర్థ్యుని కులమడుగలేదు, లోకమడిగినది. ఆ ప్రశ్న గోదావరీ మండలపు బడులలో నెట్లుండెనో, ఎట్లు సడలెనో, నేఁడే రూపమున మిగిలియున్నదో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

1822లో మద్రాసు గవర్నరగు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్కలను బంపుఁడని కలెక్టరుల కుత్తరువు చేసెను. నాఁటి రాజమహేంద్రవరపు జిల్లానుండి వెళ్లిన లెక్కలో 291 బడులును, వానిలో 2,658 మంది విద్యార్థులును గలరు. సగటున బడికిఁ దొమ్మండ్రు. ఇవి గాక వేదములును శాస్త్రములును జెప్పెడు స్థానములు 279, చదువుకొనువారు 1,454 మంది యని యున్నది. ఈ రెండవ లెక్క ప్రధానముగ బ్రాహ్మణులది. మొదటి లెక్కలోఁ గోమటులును, రైతులును, ఇతర కులములవారును గలరు. బాలికలు మిక్కిలి కొలఁది. మాలమాదిగ పల్లెల పిల్లలకు వీథిబడి యరుఁగు దూరపు దృశ్యము.

ఆ వీథిబడులలో నీతిపాఠమునకుఁ గొదువ లేదు. ఇసుకలో నక్షరములు దిద్దిన బాలుఁడు తరువాత శతకపద్యములను వల్లించెడివాఁడు. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్షను వెలువరించిన పిదప నా వల్లెలకు అచ్చుపుస్తకమును దోడయ్యెను. పరుల సొమ్మాసింపరాదనియు, పెద్దలను గౌరవింపవలెననియు, మంచి మాట పలుకవలెననియు బాలుర కందఱకును నోటికి వచ్చును. ఐనను అరుఁగుమీఁదఁ గూర్చున్న తొమ్మండ్రకును, వీథిలో నిలిచి వినుచున్న పదియవవానికిని నడుమనున్న దూరమును దగ్గించు పద్యమేదియు నా పాఠక్రమమున లేదు. నీతి యున్నది; సహాధ్యాయము లేదు.

1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియయ్యెను. కాలువనీరు తణుకు, ఉండి, నరసాపురము తాలూకాలకుఁ బాఱినకొలఁది భూమి విలువ పెరిఁగెను. శిస్తు రసీదును, నీటి లెక్కను దాఁజదువుకొనవలెనను కోరిక రైతునకుఁ గలిగెను. కాలువ మఱియొక పాఠమును గూడ నేర్పినది. ఎగువ రైతు తూము మూయనిదే శివారు చేనికి నీరందదు; గట్టు ఒకచోటఁ దెగినచో నందఱి పొలములును మునుఁగును. ‘వంతు’ అను చిన్నమాటలో డెల్టా రైతు పౌరనీతి యంతయు నిమిడియున్నది.

ఈ కాలముననే రాజమహేంద్రవరపు సబ్‌కలెక్టరగు జి. ఎన్. టేలరు నరసాపుర ప్రాంతమున బడులను నెలకొల్పుటకుఁ బూనుకొనెను. నరసాపురము, పాలకొల్లు, పెనుగొండ, ఆచంటలలో బడులు వెలసిన పిదపఁ జుట్టుపట్ల గ్రామముల రైతులు తమకును బడి కావలెనని కోరిరి. ఖర్చునకై శిస్తుతోఁబాటు కొంత సొమ్మిచ్చుట కొడఁబడిరి. ఈ బడుల వృత్తాంతము విద్యాశాఖ చరిత్రలోఁ బ్రసిద్ధమైనది. ఒడఁబాటుమీఁద వసూలగు సొమ్మునకుఁ జట్టబలము లేదు. నేఁడిచ్చినవాఁడు ఱేపు మానుకొన్నచో నడుగుట కాధారము లేదు. ఆ లోపమును దీర్చుటకే ప్రధానముగా 1863లో మద్రాసు విద్యాచట్టము పుట్టెను. పిదప 1871 నాఁటి స్థానికనిధుల చట్టము దాని స్థానము నాక్రమించెను. నరసాపురపు టేలరు హైస్కూలు ఆ పేరును నేఁటికిని నిలుపుచున్నది.

ఈ వృత్తాంతమునఁ బౌరధర్మ మెచ్చట నున్నదో చూడవలెను. అంతకుముందు బడి గురువు సొత్తు. జీతమిచ్చినవాని బిడ్డకుఁ జదువు. టేలరు కాలపు రైతు తన యూరి బిడ్డలందఱికై సొమ్మిచ్చెను; తనకు బిడ్డలు లేకున్నను నిచ్చెను. పరుని బిడ్డ చదువు తనకును గర్తవ్యమని యంగీకరించుటయే పౌరధర్మమునకు మొదటి మెట్టు. గోదావరీ రైతు చట్టము పుట్టకమునుపే యా మెట్టెక్కెను.

రెండవ మెట్టుకడ నాఁగెను. బడికిఁ జెల్లిన సొమ్ము పంటనుండి వచ్చినది. ఆ పంటకు నాట్లు వేసి కోఁతలు కోసిన కూలివాని బిడ్డ యా బడిలోఁ గానవచ్చుట యరుదు. వాని చెమట బడి ఖర్చులోఁ జేరెను. వాని పేరు హాజరుపట్టీలోఁ జేరలేదు.

టేలరు బడుల కాలముననే, 1853లో, చిన్నయసూరి నీతిచంద్రికను బ్రకటించెను. బ్రాహ్మణేతరమైన చాత్తాద వైష్ణవ కుటుంబమునఁ బుట్టి, చెన్నపురిలోఁ బండితపదవి నలంకరించి, బాలవ్యాకరణముచే నాంధ్రభాషకు శాసకుఁడైన యా మహనీయుని గ్రంథము తరతరములు పాఠ్యపుస్తకముగ నుండెను. అందలి మిత్రలాభమున స్నేహితులెవరు? కాకి, ఎలుక, తాఁబేలు, లేడి. నాలుగును నాలుగు జాతులు. కాకికి ఎలుక యాహారము. భక్షకునకును భక్ష్యమునకును మైత్రి యెట్లని యెలుక సంశయించును; కాకి తన నడవడిచే నా సంశయమును దీర్చును. వలలోఁ జిక్కినవానిని విడిపించుటకు వేఱు జాతివాని పండ్లు పనికివచ్చునని కథ తేల్చును. భిన్నజాతులవారి పరస్పరగౌరవమునకు దీనిని మించిన పాఠ మే పౌరశాస్త్రమునను దొరకదు. ఏలూరునందును నరసాపురమునందును బాలురు దానిని సంధులు విడఁదీసి, సమాసములు చెప్పి, ప్రతిపదార్థము వ్రాసి యుత్తీర్ణులైరి. గదిబయట నిలిచిన బాలుని లోపలికిఁ బిలువవలెనని యా కథ యెంతమందికిఁ దోఁపించినదో చరిత్ర చెప్పుచునే యున్నది. లోపము గ్రంథమునది కాదు. అర్థమును బుస్తకమున విడిచి, శబ్దమును మాత్రమే నోటికిఁ దెచ్చుకొన్న బోధనపద్ధతిది.

ఈ ప్రశ్నయే 1882లో నియమింపఁబడిన విద్యాసంఘము నెదుటికి వచ్చెను. హంటరు అధ్యక్షత వహించిన యా సంఘము రెండు సిఫారసులను జేసెను. సర్వమతసమ్మతములగు మూలసూత్రముల ననుసరించి కళాశాలలకు నీతిపాఠ్యగ్రంథము నొకదానిని సిద్ధపఱుపవలెననియు, మనుష్యునిగాఁ బౌరునిగా విధులేవో తెలుపు నుపన్యాసము లేఁటేఁటఁ జేయింపవలెననియు నొకటి. కులకారణమునఁ బ్రభుత్వపు బడిలో నెవ్వరికిని బ్రవేశము నిరాకరింపరాదను నియమమును మరల స్థాపించి, ప్రజానిధులతోనే నడచు బడుల కన్నింటికిని దానిని ‘తగు జాగ్రత్తతో’ వర్తింపఁజేయవలెనని వేఱొకటి. సంఘసభ్యులలో నొకఁడగు కాశీనాథ త్ర్యంబక తేలంగు మొదటి సిఫారసుతో నేకీభవింపక వేఱుగాఁ దన యభిప్రాయమును వ్రాసెను. పుస్తకముచే నీతి యలవడునను నమ్మకమాయనకు లేదు.

తేలంగు భేదాభిప్రాయము నీతిగ్రంథమును గూర్చినది. ఐనను ఆ రెండు సిఫారసులను బ్రక్కప్రక్కనఁ బెట్టి చదివినవారికి నొక వైపరీత్యము కనఁబడును. పౌరవిధులనుగూర్చి యుపన్యసించుట కే జాగ్రత్తయు నక్కఱలేకపోయెను. పౌరుని బిడ్డను బల్లమీఁదఁ గూర్చుండఁబెట్టుటకు మాత్రము జాగ్రత్త కావలసివచ్చెను. ఉపన్యాసము చవుక, బల్ల ప్రియము. తరువాతి డెబ్బది యేండ్ల చరిత్ర ఈ ‘జాగ్రత్త’ యను నొక్క పదమును దొలఁగించుటకై జరిగిన ప్రయాసమే.

ఆ ప్రయాసమున దొరతనమువారు మొదటఁ ద్రొక్కిన త్రోవ వేఱు బడులది. 1893 నాఁటి యుత్తరువుచే, నాఁడు పంచములని పత్రములలో వ్రాయఁబడిన కులములవారికిఁ బ్రత్యేక పాఠశాలలును, నుపాధ్యాయులకు శిక్షణమును, విశేషద్రవ్యసహాయమును గల్పింపఁబడెను. అక్షరమే యెఱుఁగని పల్లెలకు నక్షరము వచ్చెను. ఆ మేలు మఱవరానిది. కాని రెండు బడులలోఁ జదివినవా రిరువురును విద్యావంతులు కావచ్చును. సతీర్థ్యులు మాత్రము కాఁజాలరు. 1919లో మద్రాసు ప్రభుత్వము బహిరంగపాఠశాలలలో నీ కులములవారిని జేర్చుకొనుటనుగూర్చి యుత్తరువు చేయవలసివచ్చినదనుటయే, అంతవఱకు వారెట్టి స్థితిలో నుండిరో తెలుపుచున్నది.

ఉత్తరువులకంటె ముందుగానే కొందఱు గోదావరీ మండలమువారు బడులలో నీ పనికిఁ బూనుకొనిరి. నేఁటి తూర్పు పడమర భేదము 1904కుఁ బూర్వము లేదు. కాకినాడయు, రాజమహేంద్రవరమును, తణుకును, ఏలూరును నొకే గోదావరీ జిల్లాలోనివి. 1904లోఁ బడమటి తాలూకాలు కృష్ణాజిల్లాలోఁ గలియఁగా, 1925లోఁ బశ్చిమగోదావరి యేర్పడెను. కావున నీ వృత్తాంతమున నది కిరుగట్టుల మనుష్యులును గలసియే కనఁబడుదురు.

కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పెను. తణుకునకు సమీపమునందలి ఖండవల్లిలో 1867లోఁ బుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1909లో రాజమహేంద్రవరమున, అస్పృశ్యులుగ నెంచఁబడిన కులముల పిల్లలకై రామమోహన పాఠశాలను స్థాపించిరి. ఆయన నాటకకర్తగను హాస్యరచయితగను సాహిత్యలోకమునకుఁ బరిచితుఁడు. కంటిచూపు చాలని యా కవి యితరుల కక్షరపుఁ జూపునిచ్చుటకై పడిన శ్రమ సాహిత్యచరిత్రలలోఁ దగినంత స్థలము పొందలేదు.

కాకినాడలోఁ బిఠాపురపు రాజావారి కళాశాలకు 1919 వఱకు నధ్యక్షుఁడుగ నున్న రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారి పద్ధతి వేఱు. ఆయన ప్రత్యేకపు బడి పెట్టక, ఉన్న కళాశాల తలుపునే తెఱచిరి. స్త్రీలకును, అంటరానివారనఁబడిన విద్యార్థులకును నందుఁ బ్రవేశము కలిగెను. పిఠాపురప్రభువగు శ్రీ రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహదూరుగారి యౌదార్యమున నట్టి విద్యార్థులకు వసతిగృహమును లభించెను. ఈ ప్రభువును బండితులు ఆంధ్రసాహిత్యపరిషత్తునకుఁ బోషకుఁడనియు, సూర్యరాయాంధ్రనిఘంటువునకుఁ గారకుఁడనియు స్మరింతురు. నిఘంటువునఁ బదములకుఁ జోటిచ్చిన చేయియే వసతిగృహమున బాలురకుఁ జోటిచ్చినదని కూడ స్మరింపవలసియున్నది. మామిడికుదురునఁ బుట్టి యదే కళాశాలలోఁ జదివిన బోయి భీమన్నగారు పిదప ‘పాలేరు’ నాటకమును వ్రాసిరి. పాలేరు చదువుకొని పైకివచ్చుట దాని యితివృత్తము. తెఱచిన తలుపు వలని ఫలమెట్టిదో చెప్పుటకు వేఱొక నిదర్శన మక్కఱలేదు.

1938లో మద్రాసు శాసనసభ పౌరనిర్యోగ్యతల నివారణచట్టమును జేసెను. 1950 జనవరి 26 నుండి యమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము 17వ యధికరణముచే నస్పృశ్యతను రద్దుచేసి, 29వ యధికరణముచేఁ బ్రభుత్వపుఁ బాఠశాలలలోను, ప్రభుత్వద్రవ్యము పొందు పాఠశాలలలోను మత, జాతి, కుల, భాషాభేదములనుబట్టి ప్రవేశనిరాకరణము కూడదని శాసించెను. ‘తగు జాగ్రత్తతో’ అను మాట చట్టమునుండి తొలఁగిపోయెను. 1959లో జిల్లాపరిషత్తు లేర్పడఁగా బోర్డు హైస్కూళ్లు వాని యధీనమునకు వచ్చెను. కొల్లేటి లంకలలో వడ్డెకులపు బాలుఁడును, తణుకు చెఱకు రైతు కొమార్తెయు, ఏలూరు మగ్గపు నేఁతగాని కొడుకును నొకే పాఠక్రమమును జదువు దినము లట్లు వచ్చెను.

తలుపు తెఱచినంతమాత్రమున గౌరవము లోనికి రాదు. ఈ విషయమున నొక పాత యాచారమును, నొక క్రొత్త యేర్పాటును గలిపి చూడవలెను. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవారికెల్ల నన్నము పెట్టిన పుణ్యశీల. ఆంధ్రప్రదేశపు బడులలో 2003లో నారంభమైన మధ్యాహ్నభోజనము 2024 నుండి యామె పేరఁ బిలువఁబడుచున్నది. నీతిపద్యము కులభేదమును ఖండించి పోవును; భోజనపంక్తి దానిని బ్రతిదినము పరీక్షించును. ప్రక్కవానితోఁ గలసి తినుటకు సందేహించు బాలుఁడు పరస్పరగౌరవమనుగూర్చి పుటలు నింపి మార్కులు పొందినను నా పాఠమున ననుత్తీర్ణుఁడే. సందేహింపనివాఁడు నిర్వచనము వ్రాయఁజాలకున్నను నుత్తీర్ణుఁడే.

అట్లయినఁ బాఠము వ్యర్థమా? కాదు. ఆచారము సూత్రము వంటిది. పాఠము దానికి వృత్తి. సూత్రము లేని వృత్తి నిరాధారము, వృత్తి లేని సూత్రము దుర్బోధము. పంక్తిలోఁ గలసి తిన్న బాలునికి మిత్రలాభము చెప్పినచోఁ గథ యర్థమగును. హాజరుపట్టీలో నందఱ పేర్లును నొకే తీరునఁ బిలుచుట, బల్లలమీఁద వంతులవారిగాఁ గూర్చుండఁబెట్టుట, కుండనీరు ముంచు వంతును, గది తుడుచు వంతును నందఱకును సమముగాఁ బంచుట, ఇవి సూత్రస్థానీయములు. వీనిలో భాషాపండితునకు విశేషాధికారము గలదు. తెలుఁగున మధ్యమపురుష యేకవచనము ప్రేమకును దగును, తిరస్కారమునకును దగును. ఏది యెప్పుడో కంఠస్వరము తెలుపును. ఒక బాలుని నాయనా యనియు, వేఱొకని ఓరీ యనియుఁ బిలిచెడు గురువు నోట సమానత్వమును గూర్చిన పాఠము నిలువదు. పిల్లలు పాఠమును మఱతురు, పిలుపును మఱువరు.

కేంద్రప్రభుత్వము నియమించిన శ్రీప్రకాశ సంఘము 1960లో నీతిబోధనమును పాఠశాలలలోఁ జేర్పవలెనని నివేదించెను. 1964–66 నాఁటి కొఠారి సంఘము ఇరుగుపొరుగు బిడ్డలందఱును నొకే బడిలోఁ జదువు సామాన్యపాఠశాలా విధానమును గోరెను. హంటరు కాలపు రెండు సిఫారసులే క్రొత్తరూపమున మరల వచ్చినట్లున్నవి. ఈసారియు మొదటిది సులభమై పుస్తకములలోఁ జేరెను. రెండవది దుర్ఘటమై నివేదికలో మిగిలెను. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడుల మొదటితరగతిలో నాలుగవవంతు చోటు బలహీనవర్గముల బిడ్డల కీయవలెనని విధించినదనఁగా, బడులు రుసుమునుబట్టి వేఱుపడినవని చట్టమే యొప్పుకొన్నట్లయ్యెను.

నాఁడు బల్లలను వేఱుచేసినది కులము. నేఁడు బడులనే వేఱుచేయుచున్నది ధనము. ఆ విభజనలోఁ గులమును మఱుఁగున నుండక పోదు. రైతుబిడ్డ యొక బస్సునందును, కూలిబిడ్డ కాలినడకను నొకే కాలువగట్టుమీఁద నెదురుబొదురుగాఁ బోవుచున్నారు. ఇరువుర పుస్తకములలోను సమానత్వపుఁ బాఠము గలదు. 1854 ప్రాంతమున గోదావరీ రైతు పరుని బిడ్డ చదువునకై సొమ్మిచ్చుట నేర్చెను. పరుని బిడ్డ ప్రక్కఁ దన బిడ్డను గూర్చుండఁబెట్టుటకు మఱి నూఱేండ్లు పట్టెను. అట్లు కష్టపడి సంపాదించిన సహాధ్యాయమును రుసుము పట్టీకి విడిచిపెట్టినచో, పౌరనీతి మరల వల్లెవేయు పద్యమై మిగులును. మంచి పద్యమైనను, కలసి వల్లించువాఁడు ప్రక్కన లేనప్పు డది సగమే పాఠము.